బాలసుబ్రహ్మణ్యముగారు పాట నేర్వలేదా?

గడచిన నెలలో ఆవకాయ జాడీల ముచ్చట ముగించుచు, ఈ మాసమున పిల్లల చదువును గూర్చి వ్రాయుదునని మాట యిచ్చియుంటిని. మాట తప్పుట లేదు గాని, చదువునుండి బయలుదేరి పాటకడకు పోవలసి వచ్చినది. అందుకు కారణము మా యింట జరిగిన యొక చిన్న తగవు.

మాది నెల్లూరునకు తూర్పుగా, సముద్రపు హోరు వినవచ్చు గ్రామము. మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మొన్న నొక సాయంకాలము నేను దీపము పెట్టి భాగవతము చదువుకొనుచుంటిని. మా అమ్మాయి, పదుమూడేండ్లది, వంటయింట కూర్చుండి చిక్కుడుకాయల యీనెలు తీయుచు, ఫోనులో శ్రీ శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారి పాట యొకటి పెట్టుకొని, దానితో గొంతు కలిపి పాడుచుండెను. పాట ముగిసినపిదప నాకడకు వచ్చి, "అమ్మా! నెల్లూరిలో సంగీత పాఠశాల యున్నదట. నన్ను చేర్పింతువా?" అని యడిగెను.

నేను నోరు తెరువకముందే మా అత్తగారు పడమటింటినుండి యందుకొనిరి. "ఆ బాలు ఏ పాఠశాలలో నేర్చినాడే తల్లీ? మన నెల్లూరి బిడ్డడే గదా! సంగీతము నేర్వకయే అంతవాడైనాడు. దేవుడిచ్చిన గొంతునకు మరల జీతము గట్టి నేర్పింపవలెనా? అందునా ఆడపిల్లకు!"

ఆ సమయముననే తోడంటుకై మజ్జిగ యడుగవచ్చిన పొరుగింటి పిన్నమ్మగారు, "నా మాట వినుడు. ఆయన ఇంజనీరింగు చదువు మానుకొన్నందుననే అంత పైకి వచ్చినాడు. పిల్లకు గొంతున్నది గదా, బడిచదువు తగ్గించి టీవీ పోటీలకు పంపుడు" అని సలహా చెప్పిరి.

మావారు వ్రాతపుస్తకములు దిద్దుచు తలయెత్తి, "ఆయన కోటికొక్కడు. అట్టివానిని చూచి మన పిల్లలను పెంచుకొనగలమా?" అని నవ్విరి.

ఒక్క మనిషి జీవితమును ముగ్గురు మూడువిధములుగా సాక్ష్యమునకు పిలిచిరి. పిల్ల మాత్రము నా మొగమే చూచుచు నిలువబడెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంతకు ఆ మహానుభావుడు పాట నేర్చినాడా, నేర్వలేదా? ఆయన కథ నాకు తెలిసినంతవరకు మీతో ముచ్చటించి, పిదప మా యింటి తగవు సంగతి చెప్పెదను.

బాలసుబ్రహ్మణ్యముగారు 1946వ సంవత్సరము జూన్ 4వ తేదీన కోనేటమ్మపేటలో జన్మించిరి. అది నేడు తమిళనాటి తిరువళ్లూరు జిల్లాలోనున్నది. తండ్రిగారు శ్రీ సాంబమూర్తిగారు, తల్లిగారు శకుంతలమ్మగారు. పెద్ద సంసారము, కలిమి తక్కువ. సాంబమూర్తిగారు నెల్లూరిలో కాపురముండి హరికథలు చెప్పుచుండెడివారు; త్యాగరాజస్వామి ఉత్సవములు జరిపించుచుండెడివారు.

హరికథ యనగా నేమో మన పెద్దవారికి చెప్పనక్కరలేదు గాని, నేటి పిల్లలకు చెప్పవలసి యున్నది. ఒక్క మనిషి కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, రుక్మిణీకల్యాణమో సీతాకల్యాణమో గంటల కొలది వినిపించును. ఆ యొక్కడే పద్యము చదువవలెను, కీర్తన పాడవలెను, వచనము చెప్పవలెను. రుక్మిణియై తలవంచుకొనవలెను, శిశుపాలుడై మీసము దువ్వవలెను. మాట ముక్కకు ముక్కగా కడపటి వరుసలోని ముసలమ్మకు గూడ వినబడవలెను. లేకున్న ఆమె చాప చుట్టుకొని లేచిపోవును. అట్టి తండ్రి యింట పుట్టిన పిల్లవానికి, ఎదుట కూర్చుండబెట్టి సరళీస్వరములు చెప్పినవారు లేకపోవచ్చును. కాని మాట యెట్లు పలుకవలెను, ఒక్క గొంతుతో పదిమంది యెట్లు కావలెను, ఎదుటివాని మనస్సెట్లు పట్టవలెను అను మూడు విద్యలును ఆ యింటి గాలిలోనే యుండెను. మా అత్తగారు "నేర్వలేదు" అన్నప్పుడు ఈ పాఠశాలను లెక్కలోనికి తీసికొనలేదు.

ఆయన బాల్యవిద్య నగరిలో మేనమామగారి యింట జరిగినది. పిదప శ్రీకాళహస్తిలో ఉన్నత పాఠశాలలో చదివిరి. అచ్చటి ఉపాధ్యాయు డొకరు ఈ బాలుని గొంతు గుర్తించి, 1958లో వచ్చిన 'చెంచులక్ష్మి' చిత్రములోని సుశీలగారి పాట నొకదానిని నేర్పి, టేపు యంత్రముపై పాడించి, ఆ గొంతును మరల ఆతనికే వినిపించిరట. ఈ సంగతి చదివినప్పుడు ఉపాధ్యాయుని భార్యనగుటచే నాకు గర్వము గలిగినది. ఆ దినములలో టేపు యంత్రము సామాన్య వస్తువు గాదు. తన గొంతు తన చెవిని పడుట ఒక బాలునికి ఎంతటి వింతయో యోజింపుడు! అద్దములో మొగము చూచుకొన్ననే గదా బొట్టు వంకర తెలియును; గొంతున కట్టి యద్దము నా గురువు చూపినాడు. మొదట చూపిన పాట స్త్రీ పాడినదగుట గూడ గమనింపదగినది.

మరియొక స్త్రీమూర్తి నిచట స్మరింపవలెను. యౌవనారంభమున నాటి మన నెల్లూరు జిల్లాలోని గూడూరులో ఆయన పాటల పోటీలో పాడగా, అతిథిగా వచ్చిన గాయని యస్. జానకిగారు విని, నీవు సినిమాలలో ప్రయత్నింపుమని ప్రోత్సహించిరి. ఇది బాలుగారే పిమ్మట పలుమారులు కృతజ్ఞతతో చెప్పుకొన్న మాట. కాలక్రమమున వారిరువురు కలిసి దక్షిణదేశమంతట వినబడిన యుగళగీతములు వేలకొలది పాడిరి. పెద్దలు పలికిన ఒక్క మెచ్చుకోలు ఎంతదూరము పోవునో చూడుడు. మనము మాత్రము పిల్లలను మెచ్చుటకు లోభించి, తప్పెన్నుటకు ధారాళముగా నుందుము.

తండ్రిగారి కోరిక కుమారుడు ఇంజనీరు కావలెనని. బాలుగారు అనంతపురమున ఇంజనీరింగు కళాశాలలో చేరిరి. అచ్చట చదువు సాగలేదు. మదరాసు చేరి ఎ.ఎం.ఐ.ఇ. చదువసాగిరి. పొరుగింటి పిన్నమ్మగారు చెప్పినట్లు ఆయన పాటకై పుస్తకములు గిరవాటు వేసి పరుగెత్తలేదు. చదువు చదువుగా నుండగా పాట ప్రక్కన సాగినది. 1964లో మదరాసులోని తెలుగువారి సంఘ మొకటి జరిపిన పోటీలో ఆయనకు ప్రథమ బహుమానము వచ్చినది. సంగీత దర్శకులు శ్రీ యస్.పి. కోదండపాణిగారు ఆ గొంతు విని, ఆయనను చేరదీసిరి. అటుపిమ్మటనైనను వెంటనే తలుపులు తెరచుకొనలేదు. రెండు సంవత్సరములు గడచినవి. 1966 డిశంబరు 15వ తేదీన, హాస్యనటుడు పద్మనాభముగారు నిర్మించిన 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' చిత్రమునకై కోదండపాణిగారి సంగీతములో ఆయన తొలిపాట పాడిరి. తోడుగా పాడినవారు సుశీలగారు, పి.బి. శ్రీనివాస్‌గారు, ఈలపాట రఘురామయ్యగారు. ముగ్గురు ఉద్దండుల నడుమ ఇరువదేండ్ల కుఱ్ఱవాడు! ఆ గురుభక్తి యాయనను జీవితాంతము విడువలేదు. తాను స్థిరపడి పాటలు ముద్రించుశాల కట్టించినప్పుడు దానికి కోదండపాణిగారి పేరే పెట్టిరి.

ఇక తమిళదేశపు కథ యొకటి కలదు. 1969లో విడుదలయైన 'అడిమై పెణ్' అను చిత్రములో యం.జి. రామచంద్రన్‌గారికి పాడు అవకాశము ఈ యువకునికి వచ్చినది. అభ్యాసము జరిగినది. ఇంతలో ఆయనకు టైఫాయిడు జ్వరము తగిలినది. చిత్రపరిశ్రమలో ఒక్క దినము తడసిన ఎంత ధనము నష్టమో! వేరొకరిచేత పాడించియుందురని ఆయన ఆశ వదలుకొనెను. కాని రామచంద్రన్‌గారు ఆయన కోలుకొనువరకు కొన్ని వారములు పాట నిలిపివేయించిరి. ఈ కుఱ్ఱవాడు తనకు పాడబోవుచున్నట్లు స్నేహితులందరికి చెప్పుకొనియుండును, ఇప్పుడు తప్పించినచో ఆతని మనస్సు నొచ్చునని ఆయన అన్నట్లు బాలుగారు చెప్పెడివారు. ఆ పాటతోనే తమిళులు ఆయనను తమవానిగా చేసికొనిరి. తన యెడ చూపబడిన దయను మరువనివాడు గనుకనే, తానును పెద్దవాడైన పిదప చిన్నవారి యెడ అట్లే మెలగెనని నాకు తోచుచున్నది.

ఇప్పుడు మా తగవునకు మూలమైన ఘట్టమునకు వచ్చుచున్నాను. బాలుగారు గురుముఖమున శాస్త్రీయ సంగీతము అభ్యసింపలేదు. ఆ మాట ఆయనయే ఎన్నడును దాచలేదు. అట్టివానికి శ్రీ కె. విశ్వనాథ్‌గారి 'శంకరాభరణము' వచ్చిపడినది. ఆ కథ మీలో పలువు రెరిగినదే. సంగీతమే ప్రాణముగాగల శంకరశాస్త్రి యొక్క గానమంతయు తెరవెనుకనుండి బాలుగారు పాడవలెను. పండితులు తప్పు పట్టుటకు కాచుకొనియుందురు. తనవలన గాదేమోనని ఆయన తొలుత జంకిరి.

అప్పుడేమి జరిగినది? సంగీత దర్శకులు కె.వి. మహదేవన్‌గారికి కుడిభుజమువంటి శిష్యుడు పుగళేంది యనువారు ఉండిరి. ఆయన పాటలను పాదము పాదముగా, గమకము గమకముగా బాలుగారికి నేర్పిరి. అప్పటికి బాలుగారు కొత్తవారు గారు. పండ్రెండేండ్లకు పైబడి పాడుచున్నవారు, పేరు ప్రతిష్ఠలు గలవారు, దినమునకు అనేకములైన పాటలు పాడుచు తీరిక లేనివారు. అయినను బడిపిల్లవానివలె కూర్చుండి నేర్చుకొనిరి. 1980లో చిత్రము విడుదలయై ఊరూర మారుమ్రోగినది. మా అమ్మగారు చెప్పెడిది: సినిమాయన్న మొగము చిట్లించు మా తాతగారు గూడ ఆ పాటలు వచ్చునప్పుడు రేడియో దగ్గరకు పడకకుర్చీ జరుపుకొనెడివారట. ఆ చిత్రమునకు బాలుగారికి ఉత్తమగాయకుడుగా జాతీయ బహుమానము వచ్చినది. మహదేవన్‌గారికిని, వాణీజయరామ్‌గారికిని గూడ ఆ చిత్రమునకే జాతీయ గౌరవము లభించినది.

కావున సోదరీమణులారా, "ఆయన సంగీతము నేర్వలేదు" అనుట సగము సత్యము. పిన్ననాట నేర్వలేదు, తరువాత నేర్చుట మానలేదు. చిన్నతనమున పదియేండ్లలో జరుగవలసిన దానిని, నడివయస్సున ఒక్కొక్క పాటకు ఒక్కొక్కమారుగా, రెట్టింపు శ్రమతో, నలుగురి యెదుట నేర్చిరి. అది తేలిక త్రోవ గాదు. నేర్వనివారికి లోకము రాయితీ యిచ్చినదని దాని యర్థము గాదు.

ఆయన నేర్చిన రెండవ విద్య భాష. 1981లో శ్రీ బాలచందర్‌గారు హిందీలో తీసిన 'ఏక్ దూజే కే లియే' చిత్రమునకు బాలుగారిచేత పాడింపదలచినప్పుడు, లక్ష్మీకాంత్ ప్యారేలాల్ అను అచ్చటి సంగీత దర్శకులు దక్షిణాదివాని హిందీ యెట్లుండునోయని సందేహించిరట. కథానాయకుడే హిందీ సరిగా రాని దక్షిణాది యువకుడు గదా, ఆ గొంతే తగునని దర్శకులు పట్టుపట్టిరి. ఆ చిత్రమునకే ఆయనకు హిందీలో జాతీయ బహుమానము వచ్చినది! మొత్తముమీద ఆరుమారులు, నాలుగు భాషలలో, ఆయన ఆ గౌరవము నందిరి. తెలుగున 'శంకరాభరణము', 'సాగరసంగమము', 'రుద్రవీణ'; హిందీలో ముందు చెప్పినది; కన్నడమున 'గానయోగి పంచాక్షరి గవాయి'; తమిళమున 'మిన్సార కనవు'. పాట యే భాషదైనను తన చేతితో తెలుగు లిపిలో వ్రాసికొని, అర్థ మడిగి తెలిసికొని పాడుట ఆయన యలవాటు. ఈ చిన్న యలవాటును మన పిల్లలకు నేర్పరాదా? నేడు పిల్లలు పాట మొత్తము పాడుదురు. అందలి యొక్క మాటకు అర్థ మడిగిన మిన్ను చూతురు.

హరికథకుని కుమారుడని ముందే చెప్పితిని గదా! ఒక్క గొంతులో పలువురను పలికించు విద్య ఆయనకు తండ్రిసొమ్ము. నాగేశ్వరరావుగారికి పాడిన నాగేశ్వరరావుగారివలె, రామారావుగారికి పాడిన రామారావుగారివలె, అల్లు రామలింగయ్యగారికి పాడిన అచ్చముగా ఆయనవలె వినబడుచుండెను. కమలహాసన్‌గారికి తెలుగున మాట యరువిచ్చినదియు ఆయనయే. 'దశావతారము' చిత్రపు తెలుగు రూపమున పది పాత్రలలో ఏడింటికి, అందొక స్త్రీపాత్రతో గూడ, ఆయనయే గొంతునిచ్చిరి. తాను స్వయముగా నటించిన చిత్రములలో మన గృహిణులు తప్పక చూడదగినది 2012 నాటి 'మిథునము'. శ్రీరమణగారి కథ, తనికెళ్ల భరణిగారి దర్శకత్వము. తెరమీద ఇరువురే: బాలుగారు, లక్ష్మిగారు. వృద్ధ దంపతులు పెరటి కూరలు కోసికొనుచు, కలహించుకొనుచు, కలసి భుజించుచుందురు. అది చూచి మా అత్తగారు కొంగుతో కన్ను లొత్తుకొనిరి. పప్పు మాడినది గూడ ఎరుగరు.

ఆయన పాడిన పాటలు నలువదివేలని లోకము చెప్పుకొనును. ఒక్క దినమున ఇరువదికి మించిన కన్నడ గీతములు పాడిరనియు ప్రసిద్ధి. లెక్కకంటె నాకు గొప్పగా తోచునది వేరొకటి కలదు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' యను పోటీ నారంభించి, ఆయన ఏండ్లతరబడి పిల్లలకు పాట దిద్దిరి. మీరందరు చూచియే యుందురు. పిల్ల తప్పు పాడిన మొగము ముడిచెడివారు కారు. ముందు ఉన్న మంచిని చెప్పి, పిదప శషసలు తారుమారైన చోటును, ఒత్తు జారిన చోటును, తాను పాడి చూపి దిద్దెడివారు. ఆ పాట వ్రాసిన కవి యెవరో, స్వరపరచిన వారెవరో, వాద్యము వాయించిన వారెవరో పేరుపేరున చెప్పెడివారు. పాట యొక్కరి సొమ్ము గాదని పిల్లలకు తెలియజేయుట అది. మన జిల్లావాడే యైన ఆచార్య ఆత్రేయగారి మాటల విలువను నేను పుస్తకములలో గాక, బాలుగారు పాడగా విని తెలిసికొంటిని.

ఇంతవరకు అన్నగారి కథ. ఆ యింటి చెల్లెలి సంగతియు ఒకటి రెండు మాటలు చెప్పవలెను. శ్రీమతి యస్.పి. శైలజగారు ఆయన చెల్లెలు. ఆమెయు నేపథ్యగాయనియై దక్షిణ భాషలలో పాడిరి. నాట్యము నేర్చినది గావున 'సాగరసంగమము'లో నర్తకి పాత్ర ధరించిరి. ఒక హరికథకుని యింట అన్నకును చెల్లెలికిని గొంతున్నది. అన్నకును చెల్లెలికిని త్రోవ దొరకినది. ఇది మామూలుగా జరుగునదేనా? మీ యింట, మా యింట చూచుకొనుడు. మగపిల్లవాడు పాడిన "వీడు రేపు బాలు కావచ్చును" అందుము. ఆడపిల్ల పాడిన "పెండ్లిచూపులలో పాడుటకు పనికివచ్చును" అందుము. 'శంకరాభరణము'లోని తులసి గుర్తున్నదా? ఆ చిత్రమంతయు ఒక స్త్రీకి సంగీతముపై గల దప్పికయే గదా! ఆ కథకు కన్నీరు విడుతుము. ఇంటికి వచ్చి మన తులసులకు గిన్నెలు తోమ బురమాయింతుము.

ఇచట నా మాట యొకటి చెప్పుకొందును, స్వోత్కర్షగా భావింపకుడు. మా నాయనగారు నన్ను బడికంటె ఇంటనే యెక్కువగా చదివించిరి. తిక్కనగారి పర్వములును, పోతనగారి స్కంధములును ఆయన చెప్పగా నేర్చితిని. పద్యము చదువుట యనగా మా యింట రాగముతో చదువుటయే. పదునెనిమిదేండ్లు వచ్చువరకు ఉదయము చల్ల చిలుకుచు నేను చదివిన పద్యములకు వీధిన పోవువారు నిలిచి వినెడివారు. పెండ్లియై యత్తవారింటికి వచ్చితిని. ఎవ్వరును పాడవలదనలేదు, ఎవ్వరును పాడుమనలేదు. సంసారము పెరిగినది. పద్యము మెల్లగా పెదవులమీదికి దిగి, పిదప మనస్సులోనికి దిగినది. ఒకనాడు నవరాత్రులలో ఎవరో యడుగగా నోరు తెరచితిని, గొంతు పలుకలేదు. ఎవరినని తప్పు పట్టుదును? వాడని కత్తికి తుప్పు పట్టిన కత్తిది తప్పా, ఒరది తప్పా? నా బిడ్డ నాయెదుట నిలిచి "చేర్పింతువా?" అని యడిగినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది ఆ నవరాత్రి.

బాలుగారి కథ ముగింపవలెను. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్ బిరుదము లాయనకు వచ్చినవి. 2020 ఫిబ్రవరిలో నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ యింటిని వేదపాఠశాలకై కంచి కామకోటి పీఠమునకు సమర్పించిరి. తండ్రి హరికథలు మ్రోగిన యింట వేదము మ్రోగవలెనని కాబోలు! అదే సంవత్సరము ఆగస్టులో ఆయనకు కోవిడు వ్యాధి సోకినది. దేశము దేశమే ప్రార్థించినది. మా యూరి చేపల రేవున గూడ రేవుకు వచ్చిన పడవవాడు మొట్టమొదట "బాలు కెట్లున్నది?" అని యడిగెడివాడు. సెప్టెంబరు 25వ తేదీన మదరాసులో, తన డెబ్బదినాలుగేండ్ల వయస్సున, ఆయన తనువు చాలించిరి. మదరాసు చెంతనున్న తామరైపాక్కములో ఖననము చేసిరి. పిమ్మట 2021లో పద్మవిభూషణ్ ప్రకటింపబడినది.

ఆయన పోయిన కొలది నెలలలోనే, నెల్లూరిలోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు మన ప్రభుత్వమువారు ఆయన పేరు పెట్టిరి. సంగీత పాఠశాల గడప త్రొక్కని వాని పేరు సంగీత పాఠశాలకు! కొందరికి ఇది వింతగా తోచవచ్చును. నాకు మిక్కిలి ఉచితముగా తోచుచున్నది. తనకు చిన్ననాడు దొరకని దానిని తరువాతివారికి దొరకునట్లు చేయుటకంటె ఆయన ఆత్మకు ప్రీతికరమైన దేమున్నది?

మరునాడు ఉదయము కాఫీవేళ ఈ కథ యంతయు మా యింటివారి ముందుంచితిని. అత్తగారితో ఇట్లంటిని: "అత్తయ్యా! ఆయన నేర్వలేదనుట నిజము గాదు. తండ్రి యింట విని నేర్చిరి, బడిలో గురువు వలన నేర్చిరి, పేరు వచ్చిన పిదప పుగళేందిగారియెదుట కూర్చుండి నేర్చిరి. మన యింట హరికథ లేదు, కోదండపాణిగారు లేరు. పిల్ల యెచ్చట నేర్వవలెను?" పొరుగింటి పిన్నమ్మగారికి, చదువు మానుట ఆయన ఉన్నతికి కారణము గాదనియు, ఆ చదువు జారినప్పటికి పాటలో బహుమానములు గెలుచునంతటి అభ్యాసము ముందే యున్నదనియు చెప్పితిని. మావారితో మాత్రము ఒక్కటే మాట యంటిని: "మీరు మీ తరగతిలో లెక్కలు నేర్పుచున్నారు. అందరును శ్రీనివాస రామానుజనులు కావలెననియా?"

మావారు బదులు చెప్పలేదు. చాకుముక్కను జేబులో వేసికొని బడికి పోయిరి. సాయంకాలము వచ్చినప్పుడు, నెల్లూరి పాఠశాల నియమములు విచారించుటకు ఒక స్నేహితునికి చెప్పితిననియు, పరీక్షలలో మార్కులు తగ్గరాదనియు, సెలవుదినములలో తామే బస్సెక్కించి తీసికొని పోదుమనియు చెప్పిరి. అత్తగారు మూడు దినములు మాట లాడలేదు. నాలుగవనాడు దీపాలవేళ మనుమరాలిని పిలిచి, "ఆ పాటలు తరువాత పాడుదువుగాని, ముందు నాకొక పద్యము చదువు. ఒత్తులు మ్రింగితివా, బస్సు లేదు" అనిరి. పిల్లకు పద్యము రాదు. నా వంక చూచెను. నాకు నేర్పక తప్పలేదు. గొంతు కొంచెము జీరబోయినది గాని, మూడవపాదమునకు దారికి వచ్చినది.

సోదరీమణులారా! మీ యింట గొంతుగల బిడ్డ యున్నచో నే చెప్పవచ్చునది స్వల్పము. అర్థము తెలియని మాట పాడనీయకుడు, అడిగి తెలిసికొనుమనుడు. పాట తన చేతితో వ్రాసికొనుట అలవాటు చేయుడు. ఫోనులో పాట వినుటయే గాక, తన పాటను అందే పట్టి తాను వినునట్లు చేయుడు. శ్రీకాళహస్తి గురువు ఎంతో శ్రమపడి చేసిన పని నేడు మనకు చిటికెలో నగును. దినమున కొక యరగంట సాధనకు కేటాయించి, ఆ యరగంటలో ఇంటిపని చెప్పకుడు, అది ఆడపిల్లయైనను. బహుమానము రాలేదని యేడ్చినప్పుడు గూడూరులో జానకమ్మగారివలె ఒక్క మంచిమాట పలుకుడు. బిడ్డ బాలసుబ్రహ్మణ్యముగారు కానక్కరలేదు. నలువదేండ్ల వయస్సున నవరాత్రి పేరంటములో ఎవరైన పాడుమన్నప్పుడు గొంతు పలికిన చాలును.

వచ్చే మాసమున వానకాలపు జలుబులకు మా అత్తగారు కాచు మిరియాల కషాయమును గూర్చి వ్రాయుదును. అది గొంతునకును మంచిదేనట.